మూడు పాటల నిబంధన గారికి

మహారాజశ్రీ నిబంధన గారికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, మొన్న శనివారం కూడా తమరి దయ వల్ల కచేరీ మొదలైన పావుగంటకే నేను రోడ్డు మీద ఉన్నాను. ఫొటోగ్రాఫర్లకు మొదటి మూడు పాటలే, ఫ్లాష్ వాడరాదు, ఆపైన గేటు దారి. మొదటి పాటంతా పొగ. రెండో పాటలో గాయకుణ్ణి నీలిమందులో ముంచి తీసినట్టు ఒకటే నీలి వెలుగు. మూడో పాటలో మైకు ఆయన మూతిని వదల్లేదు. నాలుగో పాటకు తెల్లని దీపాలు వెలిగాయి. సరిగ్గా అప్పుడే కాపలా మనిషి చెయ్యి నా భుజం మీద పడింది. ఉప్పూ ఊరగాయా వడ్డించి విస్తరి ముందు నుంచి లేపడం ఏ ఊరి మర్యాదో తమరే సెలవివ్వాలి.

తమరు లేని రోజుల సంగతి ఒకటి చెబుతాను. 1967 జూన్ 18, కాలిఫోర్నియాలోని మాంటెరేలో సంగీతోత్సవం. ఎడ్ కరాఫ్ అనే 17 ఏళ్ల కుర్రాడు కెమెరాతో వేదిక అంచున కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. ఎదురుగా రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ తన గిటారును నేల మీద పడుకోబెట్టి, లైటర్‌లో పోసే ద్రవం చిలకరించి, అగ్గిపుల్ల గీశాడు. మోకాళ్ల మీద కూర్చుని, రా రమ్మన్నట్టు మంటను వేళ్లతో పైకి పిలిచాడు. సెగ తగలకుండా కుర్రాడు కెమెరానే ముఖానికి అడ్డం పెట్టుకున్నాడట. రాక్ సంగీతం పేరు చెబితే లోకానికి గుర్తొచ్చే ఆ ఫొటో చివరి పాటలోది. తమరు అక్కడ ఉండి ఉంటే ఆ పిల్లవాడు అప్పటికి ఇంటికి చేరి అన్నం తింటూ ఉండేవాడు. అదే రాత్రి ‘ద హూ’ బృందం గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ గిటారు విరగ్గొట్టిందీ ఆఖరి పాటలోనే. మూడో పాటలోపు విరగాలన్న ఇంగితం ఆ గిటార్లకు లేకపోయింది.

అంతకు ముందు ఏడు, ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో బీటిల్స్ బృందం టికెట్టు పెట్టి చేసిన చివరి కచేరీ. పాడినవి 11 పాటలు. ఫొటోగ్రాఫర్ జిమ్ మార్షల్ తెర వెనుక గదిలోనూ వాళ్ల పక్కనే ఉన్నాడు. అడ్డు చెబితే కెమెరా సర్దుకుని వెళ్లిపోయే మనిషి ఆయన. ఆ రోజు బీటిల్స్ తామే కెమెరా వేదిక మీదికి తెచ్చుకుని, పాటకూ పాటకూ మధ్య ఫొటోలు తీసుకున్నారు. మూడో పాట కాగానే వాళ్లనూ బయటకు పంపేవారా?

అదంతా స్వర్ణయుగమని కన్నీళ్లు పెట్టను. రీలుకు 36 ఫ్రేములు, చాలీచాలని వెలుతురు, కడిగి చూస్తే సగం మసక. కానీ చెమట కనిపించేది. తమరి భయం దానికేనని విన్నాను: మూడు పాటలు దాటితే మేకప్ కరుగుతుందట. రాక్ పాడి చెమట పట్టకపోతే ఇంకెందుకు పట్టాలి?

శనివారం నన్ను సాగనంపిన గేటు లోపల వేల మంది ఫోన్లు పైకెత్తి చివరి దాకా తీశారు. వాళ్ల జోలికి తమరు వెళ్లరు. వాళ్ల దగ్గర మంచి లెన్సు లేదు కదా. మర్నాడు పత్రికలో ఆఖరి పాట ఫొటో వచ్చింది. వెనుక వరుసలో ఎవరో ఫోనుతో తీసింది. ముందున్నవారి బట్టతల స్పష్టంగా ఉంది, గాయకుడు మసకగా ఉన్నాడు.

ఇట్లు,
తమరి విధేయుడు,
గేటు బయట నుంచి