రోమ్‌లో రసం కావాలా, వద్దా?

(కడప, యర్రముక్కపల్లెలో ఒక ఇంటి వరండా. ఇస్తాంబుల్, రోమ్, ఫ్లోరెన్స్ చూసి రావాలన్న వరకు ఇంట్లో అందరిదీ ఒకటే మాట. ఎట్లా పోవాలన్న దగ్గరే తగాదా. వదినకు ప్యాకేజీ టూర్ కావాలి: పది రోజులు, ఏడు ఊళ్లు, వెంట వంటమనిషి, రాత్రికి అన్నం, పప్పు, రసం. ఆడబిడ్డ సుజాతకు ఆ మూడు ఊళ్లు చాలు, అక్కడి జనం తినేదే తినాలి. అన్న పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాడు.)

సుజాత: పది రోజులకు ఏడు ఊళ్లంటే మనం చూసేది బస్సు కిటికీనే వదినా. రోమ్‌లో పాంథియాన్ అనే పాత గుడికి ఇరవై నిమిషాలిస్తారు. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, దాదాపు 1,900 ఏళ్ల కిందట కట్టింది. 43 మీటర్ల వెడల్పు గుమ్మటం, ఇనుప చువ్వ అనేదే లేకుండా కాంక్రీటుతో పోసినారు. నడినెత్తిన పెద్ద కన్నం. వానొస్తే లోపలే పడుతుంది, ఆ నీళ్లు పోవడానికి నేలలో చిల్లులు పెట్టినారు. దాని కింద కాసేపు నిలబడొద్దా?

వదిన: నిలబడు, ఎవరొద్దన్నారు? నిలబడి నిలబడి ఆకలేసినప్పటి సంగతి నేను అడుగుతున్నా.

సుజాత: రోమ్‌లో తిండికి కరువా? కాచో ఎ పేపె అని ఒక పాస్తా ఉంది. గొర్రెపాల చీజ్, మిరియాలు, అంతే. ఆ మిరియాలు ఒకప్పుడు మన మలబారు నుంచి పోయినవే. వాటిని దాచడానికి డొమిషియన్ చక్రవర్తి కాలంలో రోమ్‌లో గోదాములే కట్టినారు. ఇండియా ఏటా 5 కోట్ల సెస్టర్స్ నాణేలు లాగేస్తోందని ప్లినీ అనే రోమన్ రచయిత గోల పెట్టినాడు.

వదిన: అంటే వాళ్లు మన మిరియాలు కొనుక్కోవడానికి బంగారం ఇచ్చినారు. ఇప్పుడు మనం లక్షలు పోసి పోయి వాళ్ల మిరియాల సేమ్యా తినాలి. బాగుందమ్మా బేరం.

(అన్న పేపరు వెనక నవ్వినాడు. వదిన చూసింది. పేపరు ఇంకొంచెం పైకి లేచింది.)

సుజాత: నువ్వు నవ్వులాటకు తీసుకుంటావు. సరే, నీకు కారం కదా ముఖ్యం. ఎర్రకారం దోసె లేని ఊరు ఊరే కాదంటావు. ఆ మిరపకాయ యాడిది? కొలంబస్‌కు ముందు మన నేల మీద మిరపచెట్టే లేదు. అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువాళ్లు తెచ్చినారు. ఊరుబిండిలో వేసే చెనక్కాయ దక్షిణ అమెరికాది. టమాటా కూడా అటు నుంచే. మన పెద్దోళ్లు నీలాగా పట్టు పట్టి కూర్చోనుంటే కారం దోసె ఎక్కడిది?

వదిన: వాటిని వెతుక్కుంటూ మా అవ్వ ఓడ ఎక్కలేదు కదా. అవే వచ్చినాయి. ఇంటికొచ్చిన దానికి పీట వేసినాం, అంతే.

సుజాత: వెతుక్కుంటూ పోయేవాళ్లూ ఉంటారు. 1652లో టావెర్నియర్ అనే ఫ్రాన్స్ నగల వ్యాపారి మన గండికోటకే వచ్చినాడు, గోల్కొండ మంత్రి మీర్ జుమ్లాను కలవడానికి.

వదిన: వ్యాపారానికి వచ్చినాడు, సంగటి రుచి చూద్దామని కాదు.

(ఇది వదిన గెలిచిన మాటే. సుజాత టావెర్నియర్‌ను వదిలేసి ఇస్తాంబుల్ మీద పడింది. ముందే అక్కడ మొదలుపెట్టి ఉండాల్సింది.)

సుజాత: ఇస్తాంబుల్‌లో నీకు ఏ ఇబ్బందీ రాదు. పొద్దున్నే వీధిలో సిమిట్ అమ్ముతుంటారు, నువ్వులద్దిన గుండ్రటి రొట్టె. ఎర్ర కందిపప్పు సూప్‌లో నిమ్మకాయ పిండుకుని తాగుతారు, మన పప్పుచారుకు చుట్టమే. గలాటా వంతెన దగ్గర ఎమినోనూలో చేపను కాల్చి రొట్టెలో పెట్టిస్తారు. పక్కనే 1664లో పూర్తయిన మసాలా బజారు. ఎండుమిరప తునకలు గుట్టలు పోసి అమ్ముతారు. అయా సోఫియా సరేసరి. జస్టీనియన్ చక్రవర్తి 537లో చర్చిగా పూర్తి చేసినాడు, 1453లో మసీదయింది, తర్వాత మ్యూజియం, 2020 నుంచి మళ్లీ మసీదు. ఇప్పుడు మనలాంటి వాళ్లకు పై అంతస్తుకే టికెట్, 25 యూరోలు.

వదిన: శనివారం?

సుజాత: ఏం శనివారం?

వదిన: శనివారం నేను నీసు ముట్టను. దేవుని కడపలో పుట్టినదాన్ని, ఇస్తాంబుల్‌లో వెంకన్న చూడడని తింటానా? పప్పు సూప్ అంటావు, అందులో ఏ ఎముకల నీళ్లు పోస్తారో ఎవరికి తెలుసు. ఇటలీలో పాస్తాలో పంది దవడ మాంసం వేస్తారని నువ్వే చెప్పినావు.

సుజాత: అది కార్బొనారా. కాచో ఎ పేపెలో మాంసం ఉండదు. నీ గొర్రెపాల చీజ్‌కు పాలు విరిచేది మాత్రం గొర్రెపిల్ల కడుపులోని రసంతో...

వదిన: విన్నావా నువ్వే ఏమన్నావో?

సుజాత: శనివారానికి పండ్లు, రొట్టె తిందాం. ప్యాకేజీవాళ్లతో పోతే మాత్రం నీ సామాను పోతుందనుకున్నావా? నువ్వు కట్టిపెట్టిన నాటుకోడి పచ్చడి, నెయ్యి డబ్బా ఇటలీ ఎయిర్‌పోర్టు దాటవు. బయటి దేశాల మాంసం, పాల సరుకు యూరప్‌లోకి రానివ్వరు. చూస్తే చెత్తబుట్టలో వేస్తారు.

వదిన: (నిజంగా బాధపడి) నెయ్యి కూడానా?

సుజాత: నెయ్యి కూడా. పొడులు తీసుకుపోవచ్చు. అందుకే నేను వేరే దారి చూసినా. హోటల్ వద్దు, వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకుందాం. పగలు బయట తిందాం, రాత్రికి నువ్వు కొంచెం రసం పెట్టుకుంటే...

వదిన: ఆగు. నేను పెట్టుకుంటే?

(సుజాతకు అర్థమయ్యేలోపలే ఆలస్యమైపోయింది.)

వదిన: పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి పొద్దున సంగటి, మధ్యాహ్నం అన్నం, రాత్రికి మీ అన్నకు రొట్టె. పండగొస్తే ఓళిగలు. తలనొప్పి ఉన్నా, జ్వరం ఉన్నా. నాకు రసం మీద మోజు అనుకున్నావా? ఇంకొకరు చేసి, వేడివేడిగా నా పళ్లెంలో వడ్డిస్తే కూర్చుని తినాలని మోజు. ఆ ప్యాకేజీ కాగితంలో నాకు నచ్చింది వంటమనిషి అన్న ఒక్క మాటే. నువ్వు రోమ్‌కు తీసుకుపోయి కూడా నన్ను పొయ్యి ముందరే నిలబెడతానంటున్నావు.

(అన్న పేపరు మడిచి లోపలికి పోయినాడు. ధైర్యవంతుడు కాదు.)

సుజాత: ...వంటగది వద్దులే వదినా.

వదిన: వద్దు.

సుజాత: అయితే ప్యాకేజీ అవసరమేముంది? వండి వడ్డించేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. నువ్వు కూర్చో, వాళ్లు తెచ్చి పెడతారు. రసం కాదు, అంతే. నచ్చకపోతే రెండు రోజులకోసారి ఇండియన్ హోటల్‌కు పోదాం.

వదిన: మూడు పూటలూ రొట్టె తినమనకూడదు.

సుజాత: అనను. ఫ్లోరెన్స్‌లో మాత్రం కొంచెం సర్దుకోవాలి. ఆ పక్క రొట్టెలో ఉప్పు వెయ్యరు.

వదిన: ఉప్పు లేని రొట్టెనా?

సుజాత: అదే వాళ్ల పద్ధతి. ఇంకొకటి ఉంది, ఆవు నాలుగో కడుపును ఉడికించి అదే రొట్టెలో పెట్టి బండ్ల మీద...

వదిన: సుజాతా! ఆ ఊరు తీసెయ్.

సుజాత: ఎట్లా తీసేస్తాం వదినా? పెద్ద చర్చి మీద బ్రూనెలెస్కీ కట్టిన గుమ్మటం అక్కడే ఉంది. 1420లో మొదలుపెట్టి 1436కు పూర్తి చేసినారు, కింద నుంచి ఆనించే చట్రం లేకుండా. రోమ్ నుంచి రైల్లో గంటన్నర. పైకి ఎక్కితే ఊరంతా కనిపిస్తుంది.

వదిన: లిఫ్టు ఉందా?

సుజాత: లేదు. 463 మెట్లు.

వదిన: నువ్వు ఎక్కు, మీ అన్నను కూడా ఎక్కించు. చెనక్కాయల పొడి డబ్బా నాకిచ్చి పో. కింద నీడలో కూర్చుని ఆ చప్పిడి రొట్టె సంగతి నేను చూస్తా.