చనిపోయాక జర్మనీ వెళ్లిన స్ట్రాడివేరి

ఇటలీలోని క్రెమోనాలో వయొలిన్లు చేసిన ఆంటోనియో స్ట్రాడివేరి 1737లో చనిపోయాడని చరిత్రకారులు రాశారు. నేను నమ్మను. ఆయన చేతివని నిపుణులు ఒప్పుకున్న వాద్యాలు ప్రపంచం మొత్తం మీద ఆరు వందల చిల్లరే. ఆయన పేరున్న చీటీ లోపల అతికించుకుని అటకల మీద దుమ్ము తింటున్నవి మాత్రం లక్షల్లో ఉన్నాయి. చచ్చాక కూడా పనిచేస్తేనే కదా అన్ని తేలేది!

ఎక్కడ పనిచేశాడంటారా? జర్మనీలో, సాక్సనీలోని మార్క్‌నోయికిర్షెన్‌లో. అక్కడ పందొమ్మిదో శతాబ్దంలో ఒక ఇంట్లో వయొలిన్ మెడలు, ఇంకో ఇంట్లో దాని బోలు పెట్టెలు చెక్కేవారు. వ్యాపారులు వాటిని అతికించి, చీటీ వేసి, గంపగుత్తగా అమెరికాకు ఎగుమతి చేసేవారు. సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేసింది. అందుకే కొన్ని చీటీల మీద స్ట్రాడివేరి పేరు కిందే ‘జర్మనీ’ అని ఉంటుంది. పాపం, అడ్రసు మారిందని నిజాయితీగా చెప్పాడు.

ఇక అంచు చుట్టూ ముత్యపుచిప్ప ముక్కలు తాపిన వయొలిన్ దొరికిందా, ఆ ఇంటివాళ్లను పట్టుకోలేం. ‘ఇంత పనితనం మామూలోడు చేస్తాడా?’ అంటారు. స్ట్రాడివేరి నగిషీ చేసినవి దాదాపు డజనే మిగిలాయి. వాటి అంచున రెండు సన్నని గీతలు, మధ్యలో నల్లటి లప్పం, అందులో దంతపు చుక్క, దంతపు డైమండు వరసగా పొదిగి ఉంటాయి. 1679 నాటి ‘హెలియర్’ అనే వయొలిన్ అలాంటిదే. మరి 2011 వేలంలో 98 లక్షల పౌండ్లు పలికిన ఆయన వయొలిన్ ‘లేడీ బ్లంట్’కు ఏ నగిషీ ఉందయ్యా అంటే, ఏమీ లేదు. కొన్నవాళ్లకు కళాపోషణ తెలియదు, అంతే.

మామూలు వయొలిన్ అంచున కనిపించే నలుపు, తెలుపు, నలుపు గీత నిజానికి మూడు సన్నని చెక్క పట్టీలు. అంచున పుట్టిన పగులు లోపలికి పాకకుండా అవి అడ్డుకుంటాయి. చౌక సరుకులో ఆ గీతను సిరాతో గీసేస్తారు. భూతద్దం పెట్టి, గడ్డం ఆనించే చోట వార్నిష్ అరిగిన దగ్గర చూడండి. వార్నిష్‌తో పాటు గీతా చెరిగిపోయి ఉంటే, ఆ పగులును సిరాయే ఆపాలి.

రిపేరు షాపాయన మాత్రం, ‘తీగలు, బ్రిడ్జి మార్చడానికే దీని ఖరీదంత అవుతుందండీ’ అంటాడు. నమ్మకండి. ఆయన కన్ను మీ వయొలిన్ మీద పడిందన్నమాట.