జర్మన్ కత్తిసాము అంటే బండ బాదుడేనా?

మధ్యయుగపు జర్మన్ కత్తి పది కిలోల ఇనుప దుంగ అనీ, దాన్ని పట్టినవాడికి బలం కొద్దీ బాదడం తప్ప మరేమీ తెలియదనీ, ఎదుటి కత్తిని తప్పించి పొడిచే నేర్పు తరువాతి కాలపు ఇటలీ, ఫ్రాన్సు సన్నకత్తులతోనే పుట్టిందనీ ఒక మాట తెగ తిరుగుతోంది. మూడూ తప్పే.

బరువు సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. మ్యూజియంలలో మిగిలిన రెండు చేతుల పొడవు కత్తులు చాలావరకు కిలోన్నరకు అటూ ఇటూ తూగుతాయి. పది కిలోల బియ్యం సంచిని చాచిన చేతులతో ఒక్కసారి తిప్పి చూసినవారెవరూ ఆ అంకె నమ్మరు.

ఇక నేర్పు. మధ్యయుగపు జర్మన్ కత్తిసాము గురువు లీష్టెనావర్ పేరున సాగిన పద్యాల్లో చెప్పిన 17 ముఖ్యమైన ఎత్తుల్లో ఒకటి దుర్ష్‌వెక్సెల్న్, అంటే దూరి పక్క మారడం. 1452 నాటి ఒక రాతప్రతిలో దీనికి వ్యాఖ్యానమే ఉంది. సన్నకత్తుల గురువులు ఈ విద్యకు పదును పెట్టారు, నిజమే. పుట్టించింది మాత్రం వాళ్లు కాదు.

ఎత్తు ఇలా నడుస్తుంది. మీరు కుడి భుజం మీది నుంచి వేటు వేశారు. ఎదుటివాడు మీ ఒంటిని వదిలేసి మీ కత్తిని కొట్టడానికే తన కత్తి విసిరాడు. రెండూ తగలబోయే క్షణంలో మీ మొన అతని కత్తి కిందికి జారి, అవతలి పక్కన పైకి లేచి, సూటిగా పోటు అవుతుంది. అతని వేటు గాలికి పోతుంది. ఎంత బలంగా విసిరితే అంత దూరం పోతుంది! బలమే గెలుస్తుందన్న వాదానికి ఇంతకన్నా జవాబు ఏం కావాలి?

కత్తులు అప్పటికే కలిసి, అతను గట్టిగా నెడుతుంటే వేరే ఎత్తు ఉంది: ట్సుకెన్. మీ కత్తిని చటుక్కున పైకి లాగేసి అవతలి పక్క వేటు వేస్తారు. అతని నెట్టుడు ఎంత గట్టిదో పిడి పట్టిన చేతికే తెలియాలి. జర్మన్ గురువులు దీన్ని ఫ్యూలెన్, అంటే స్పర్శ, అన్నారు.

బండ బాదుడు అన్న అపోహకు ఒక సాకు దొరకవచ్చు. 1570లో స్ట్రాస్‌బూర్గ్‌లో అచ్చయిన, జర్మన్ కత్తిసాము గురువు యోఆకిమ్ మేయర్ పుస్తకంలో పొడవు కత్తి ఆట ఎక్కువగా వేట్లతోనే సాగుతుంది, పోట్లు అరుదు. అయినా ఎదుటి కత్తి కింద దూరి పక్క మారడం అందులోనూ ఉంది.

అలాగని ఇది మంత్రం కాదు. అతని వేటు మీ కత్తికి కాక మీ తలకే గురిపెట్టి ఉంటే, మొన దించిన మరుక్షణం నెత్తి పగులుతుంది. కత్తిని కాదు, మనిషిని కొట్టమని ఆ గురువులు శిష్యులకు చెప్పింది అందుకే.