సవరణ: రిమోట్ బ్యాటరీ అయిపోయినా కారు కదులుతుంది

కీలెస్ కార్ల (తాళంచెవి తిప్పకుండా, రిమోట్ దగ్గరుంటే బటన్ నొక్కి స్టార్ట్ చేసేవి) గురించి మొన్న రాస్తూ, రిమోట్‌లో బ్యాటరీ అయిపోతే కొత్తది వేసేదాకా కారు తెరుచుకోదు, స్టార్ట్ అవదు అన్నాను. తప్పు రాశాను. రిమోట్‌లోనే సన్నటి తాళంచెవి దాగి ఉంటుంది, డోరు దానితో తీయొచ్చు. కొన్నిటికి తాళం రంధ్రం హ్యాండిల్ దగ్గరి ప్లాస్టిక్ మూత కింద ఉంటుంది (నేను దాన్ని కనిపెట్టేసరికి గోరు విరిగింది). తర్వాత బ్రేకు తొక్కి, రిమోట్‌ని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కాలి. రిమోట్ లోపలి ఇమ్మొబిలైజర్ చిప్‌కి (ఇది ఈ కారు రిమోటేనని కారుకు తెలిపే చిప్) బ్యాటరీ అక్కర్లేదు, కారు పంపే తరంగాల నుంచే దానికి శక్తి అందుతుంది. కొన్ని మోడళ్లలో ఆనించే చోటు వేరు, మాన్యువల్‌లో చూసుకోండి.

ఇంజిన్ నడుస్తుండగా రిమోట్ ఉన్న మనిషి దిగిపోతే ఇంజిన్ ఆగిపోతుందని నేను రాసిందీ సరికాదు. చాలా కార్లు బీప్ కొట్టి ఊరుకుంటాయి. ఇంజిన్ ఆపాక మాత్రం రిమోట్ లేకుండా మళ్లీ స్టార్ట్ అవదు.