ఖాళీ చిప్స్ ప్యాకెట్టుకు ధర ఎందుకు లేదు?

పాత సామాన్ల కొట్టుకు పాల కవర్లు తీసుకెళ్తే తూకం వేసి డబ్బులిస్తారు. నీళ్ల సీసాలకూ, అట్టపెట్టెలకూ, తుప్పు పట్టిన రేకులకూ ఏదో ఒక ధర ఉంటుంది. ఖాళీ చిప్స్ ప్యాకెట్లు సంచెడు మోసుకెళ్లినా ఎవరూ ముట్టుకోరు. మన దేశంలో ప్లాస్టిక్ రీసైక్లింగ్ ప్రధానంగా చెత్త ఏరుకునేవారి కష్టం మీద, ఆ కొట్ల లెక్కల మీద నడుస్తోంది. అక్కడ ధర పలకని వస్తువుకు కాలువో, కుప్పో, ఊరి చివరి మంటో తప్ప మరో దారి లేదు.

లోపం ప్యాకెట్టు తయారీలోనే ఉంది. పైన రంగులు అచ్చువేసిన, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పొర, దాని కింద అల్యూమినియాన్ని ఆవిరి చేసి అతి పల్చగా పూసిన మరో పొర, లోపలి వైపు వేడికి అతుక్కునే పొర. వెలుతురు, తేమ, ఆక్సిజన్ చొరబడకుండా ఈ కూర్పు. లోపల నింపేది నైట్రోజన్. సరుకు నెలల తరబడి కనరు వాసన రాకుండా ఉండేది అందువల్లే. పనితనం చూస్తే ముచ్చటేస్తుంది కూడా. అయితే ఇలా అతికించిన పొరలను విడదీయడానికి అయ్యే ఖర్చు, చివరికి చేతికొచ్చే ముడిసరుకు విలువను మించిపోతుంది. పైగా నూనె, ఉప్పు, కారం అంటుకుని ఉంటాయి. అయిదు రూపాయల ప్యాకెట్టు బరువు రెండు మూడు గ్రాములు. కిలో పోగవ్వాలంటే కొన్ని వందలసార్లు వంగి ఏరాలి. అదే ఓపికతో సీసాలు ఏరితే పూట గడుస్తుంది.

ఊళ్లోని మిఠాయి కొట్టువాళ్లు కారప్పూసనూ చేగోడీలనూ మామూలు పారదర్శక కవర్లో కట్టి అమ్ముతారు. వారం పది రోజుల్లో చెల్లిపోయే సరుకుకు ఆ అల్యూమినియం పూత అక్కర్లేదు. నెలల నిల్వ కావాల్సింది తినేవారికి కాదు. ఎక్కడో ఒక కర్మాగారంలో వేయించి, వందల కిలోమీటర్ల అవతల కిరాణా కొట్టు గుమ్మానికి దండలా వేలాడదీసే పంపిణీ పద్ధతికి. ఆ పద్ధతి లాభం కంపెనీది. దాని చెత్త మాత్రం పంచాయతీది.

ఈ అన్యాయాన్ని సరిదిద్దే అవకాశం ఒకసారి వచ్చింది. 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు, రీసైకిల్ కాని బహుళ పొరల ప్లాస్టిక్‌ను రెండేళ్లలో పూర్తిగా మానెయ్యాలన్నాయి. గడువు దగ్గరపడుతున్న వేళ, 2018 మార్చిలో కేంద్రం ఆ వాక్యాన్ని సవరించింది. రీసైకిల్ కానిది, మండించి శక్తి రాబట్టడానికి పనికిరానిది, మరే ఉపయోగమూ లేనిది అంటూ నిర్వచనాన్ని సాగదీసింది. ప్లాస్టిక్ అన్నాక మండకపోదు. కాబట్టి నిషేధం నుంచి బయటపడని ప్యాకెట్టంటూ మిగల్లేదు. నాలుగేళ్ల తర్వాత, 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ఐస్‌క్రీం పుల్లలనూ స్ట్రాలనూ చెంచాలనూ నిషేధించినప్పుడు కూడా చిప్స్ ప్యాకెట్టు ఆ జాబితాలో లేదు. కంపెనీల పలుకుబడి ఎక్కడుందో, ఐస్‌క్రీం పుల్లకు ఎందుకు లేదో ఊహించడం కష్టం కాదు.

2018లోనే తూత్తుకుడిలో ఒక పాఠశాల విద్యార్థినులు తాము తిన్న చిరుతిళ్ల ప్యాకెట్లను రెండు వారాల్లో వేలకొద్దీ పోగుచేశారు. అక్కడి నగరపాలక సంస్థ వాటిని తయారుచేసిన కంపెనీలకే తిప్పి పంపింది. అదే ఏడాది బ్రిటన్‌లో జనం ఖాళీ చిప్స్ ప్యాకెట్లను వాకర్స్ కంపెనీకి నేరుగా తపాలాలో పంపడం మొదలుపెట్టారు. కనీసం కవర్లో పెట్టి పంపండని తపాలా శాఖ మొరపెట్టుకుంది. డిసెంబరుకల్లా ఆ కంపెనీ సేకరణ పథకం ప్రకటించాల్సి వచ్చింది. అవి ఉత్త నిరసనలే, నిజమే. అయితే చెత్త ఎవరిదన్న ప్రశ్నకు అవి ఇచ్చినంత సూటి జవాబు మన చట్టంలో దొరకదు.

2022 ఫిబ్రవరిలో వచ్చిన ఉత్పత్తిదారుల బాధ్యత మార్గదర్శకాలు కాగితం మీద గట్టిగానే ఉన్నాయి. ప్లాస్టిక్‌తో వేరే పదార్థం కలిసిన బహుళ పొరల ప్యాకేజింగ్‌లో 2024-25లో 30 శాతం, 2027-28 నాటికి 60 శాతం రీసైకిల్ చేయాలన్నది లక్ష్యం. చిక్కు లెక్క కట్టే తీరులో ఉంది. లెక్కంతా టన్నుల్లో, ఇంత రీసైకిల్ చేశామంటూ రీసైక్లర్లు ఇచ్చే సర్టిఫికెట్లలో సాగుతుంది. శ్రీకాకుళం జిల్లాలో పారేసిన ప్యాకెట్టును ఎవరూ ఏరకపోయినా, మరెక్కడో తేలిగ్గా దొరికిన అదే వర్గపు ప్లాస్టిక్‌తో కంపెనీ కోటా నిండుతుంది. సర్టిఫికెట్ల మాటకొస్తే, కొందరు రీసైక్లర్లు చేయని పనికి దాదాపు 6 లక్షల నకిలీ సర్టిఫికెట్లు పుట్టించారని 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీలోనే బయటపడింది.

రీసైకిల్ కానివాటికి చట్టం చూపే దారులు తారు రోడ్లలో కలపడం, చెత్తతో విద్యుత్తు, సిమెంటు బట్టీలు. తాడిపత్రి, తాండూరు, ఎర్రగుంట్ల పరిసరాల్లో సిమెంటు కర్మాగారాలకు కొదవలేదు. 1,450 డిగ్రీల దాకా వేడెక్కే బట్టీలో వేయడం, వీధి చివర ఆకులతో కలిపి కాల్చడం కంటే నూరు రెట్లు నయం. కానీ అది ఇంధనంగా తగలబెట్టడమే. దాన్ని రీసైక్లింగ్ ఖాతాలో చూపిస్తే ఒప్పుకోకూడదు. అక్కడి దాకా చేరాలన్నా ఎవరో ఏరాలి, ఎండబెట్టాలి, లారీకి ఎత్తాలి. ఆ కూలి ఎవరిస్తారు?

ఇంట్లో చేయగలిగింది కొంచెమే: మూల తుంచి పారేయకుండా ప్యాకెట్టు విప్పడం, తడి చెత్తలో కలపకపోవడం, నీళ్ల పొయ్యి రాజేయడానికి వాడకపోవడం. ఇంతకు మించి బాధ్యత కొనేవారి మీద రుద్దడం నాకు సమ్మతం కాదు. సీసాల మాదిరిగా తిరిగిస్తే రూపాయి ఇచ్చే పద్ధతి అయిదు రూపాయల సరుకుకు పొసగదు. అది ధరలో అయిదో వంతు.

కావాల్సింది 2016 నాటి వాక్యాన్ని ఉన్నదున్నట్టుగా తిరిగి తేవడం. ఒకే రకం ప్లాస్టిక్‌తో, గాలి చొరని పూతతో ప్యాకెట్లు చేసే పరిజ్ఞానం ఇప్పటికే ఉంది. ఖర్చు కొంత పెరుగుతుంది, నిల్వ కాలం కొంత తగ్గవచ్చు. పేదవాడి చిరుతిండి ప్రియమైపోతుందని కంపెనీలు వాపోతాయి. నూనె ధర పెరిగినప్పుడల్లా ప్యాకెట్టులో గ్రాములు తగ్గించి అయిదు రూపాయల ధరను నిలబెట్టుకుంటున్న వారికి ఈ సర్దుబాటు కొత్తేమీ కాదు.