జనం లెక్క సరే, సంత లెక్క ఏదీ?

పైడితల్లమ్మ పండుగలో సిరిమాను ఊరేగే మంగళవారం పొద్దుపోయేసరికి విజయనగరంలో ఒక అంకె తప్పకుండా వినబడుతుంది, ఈసారి ఇన్ని లక్షల మంది వచ్చారని. పోలీసుల లెక్క ఒకటి, టీవీలవాళ్ల లెక్క ఇంకొకటి, మూడులాంతర్ల కూడలి దగ్గర టీ తాగేవాళ్ల లెక్క ఆ రెంటికీ రెట్టింపు. కానీ అంతమంది ఊళ్లో ఎంత ఖర్చుపెట్టారు, ఆ డబ్బు ఎవరి గల్లాలో పడింది, ఎవరికి పెట్టుబడి కూడా తిరిగి రాలేదు అన్న లెక్క ఏ ఏడాదీ ఎవరి నోటా రాదు. పైడితల్లమ్మ పండుగ అధికారుల ఫైళ్లలో భక్తి, బందోబస్తు వ్యవహారంగానే నడుస్తుంది. ఊరి వ్యాపారానికి అది ఏడాదిలో అతి పెద్ద రోజుల్లో ఒకటన్న సంగతి ఆ ఫైళ్లకు ఎక్కదు. నా పేచీ అక్కడే.

పండుగ కథ ఉత్తరాంధ్రలో చిన్నపిల్లలకూ తెలిసిందే. 1757 బొబ్బిలి యుద్ధంలో విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు చనిపోవడం, చెల్లెలు పైడిమాంబ పెద్దచెరువు దగ్గర అమ్మవారిలో ఐక్యమవడం, ఆ చెరువులోనే విగ్రహం దొరకడం. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం సిరిమాను, ముందురోజు తొలేళ్లు. పొడవాటి చింతమాను చివర కట్టిన ఆసనంలో పూజారి కూర్చుంటాడు. పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల ముందు నడుస్తుంటే మాను ఊళ్లోని అమ్మవారి గుడి అయిన చదురుగుడి నుంచి కోటకు మూడుసార్లు తిరుగుతుంది. పూసపాటి వంశీయులు కోట బురుజు మీద నుంచి చూస్తారు. కింద జనం అరటిపళ్లు విసురుతారు. ఆ అరటిపండు కూడా ఎవరో ఒకరి వ్యాపారమే కదా అనిపిస్తుంది నాకు.

విజయనగరానిది పల్లెకీ మహానగరానికీ మధ్య బతుకు. 2011 జనాభా లెక్కల ప్రకారం రెండు లక్షల పాతిక వేలు దాటిన ఊరు. గట్టిగా 60 కిలోమీటర్ల దూరంలో విశాఖ. పెళ్లి పట్టుచీర అయినా, పెద్ద ఫ్రిజ్ అయినా కారున్నవాళ్లు అటే పోతారు. ఇక్కడి బజారుకు నిలకడైన గిరాకీ మరో వైపు నుంచి వచ్చేది. గజపతినగరం, సాలూరు, పార్వతీపురం, ఆపైన ఒడిశా కొండదారి ఊళ్లు. 2022 ఏప్రిల్ 4న జిల్లా చీలి పార్వతీపురం మన్యం వేరైంది. కలెక్టరేట్ పని మీద వచ్చి, పనిలో పనిగా ఓ చీరో మిక్సీయో పట్టుకెళ్లే జనానికి ఆ రోజు నుంచి ఇక్కడికి రావలసిన అవసరం తగ్గింది. పాలన దగ్గరకు రావడం వాళ్లకు మేలే, అందులో వాదన లేదు. ఇక్కడి బజారుకు మాత్రం రోజువారీ రాక పలచబడింది, పండుగ రాక మరింత బరువెక్కింది. కురుపాం వైపు మనిషి ఇప్పుడు ఫైలు కోసం రాకపోయినా అమ్మవారి కోసం వస్తాడు.

అయితే వచ్చినవాడి జేబులో ఏముందన్నది అసలు ప్రశ్న. సంక్రాంతికీ దసరాకీ తేడా ఇక్కడే ఉంది. సంక్రాంతి నాటికి వరి కోతలై ధాన్యం డబ్బు చేతికొస్తుంది. దసరా నాటికి వరి ఇంకా చేలోనే, పొట్ట మీదో వెన్ను మీదో ఉంటుంది. రైతు కుటుంబం ఈ పండుగకు ఖర్చుపెట్టేది రాబోయే డబ్బు. ఒకప్పుడు ఈ వెలితిని గోగునార పూడ్చేది. గోగు సరిగ్గా ఈ రోజుల్లోనే కోతకొచ్చి, ఊరబెట్టి, నార తీసి అమ్మే పంట. దాని మీదే ఆధారపడిన జ్యూట్ మిల్లుల్లో కార్మికులకు బోనసు కూడా ఈ పండుగ చుట్టూనే అందేది. 1965 బోనస్ చట్టం ప్రకారం తక్కువలో తక్కువ 8.33 శాతం, అంటే ఇంచుమించు ఒక నెల జీతం. గోగు సాగు కుంచించుకుపోయింది, మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. కాబట్టి నేటి దసరా బజారును నడిపేది ఉద్యోగి జీతం, వలస వెళ్లినవాడు పంపే డబ్బు, వాయిదాలు, అరువు. తొలేళ్ల రాత్రి రైతులకు అమ్మవారి ప్రసాదంగా విత్తనాలు పంచే ఆచారం ఉంది. ఆలోచిస్తే అదీ ముందు పంట మీద పెట్టుకున్న నమ్మకమే.

జీతం మీద నడిచే బజారుకు తేదీ ప్రాణం. 2023లో సిరిమాను అక్టోబరు 31న వచ్చింది, అంటే జీతం పడే ముందురోజు. 2024లో 15న, నెల నడిమధ్య. 2025లో 7న, జీతం ఇంకా చేతిలో వెచ్చగా ఉండగానే. ఒకే పండుగ, ఒకే జనం, మూడు రకాల జేబులు. చీరల కొట్టు యజమానికి ఇది బాగా తెలుసు. నెలాఖరున పండుగ పడితే మేలిరకం సరుకు తక్కువ దింపుతాడు, ఖాతా పుస్తకం దగ్గర పెట్టుకుంటాడు. పైగా దసరాకీ దీపావళికీ మధ్య ఉండేది 18 నుంచి 20 రోజులే. వాటి మధ్యనే సిరిమాను. ఒక ఇంటి నెల ఖర్చులోంచి మూడు పండుగలకు పంచాలి. ఇంట్లో పిల్లల బట్టలు దసరాకే అయిపోతాయి. సిరిమానుకు చుట్టాలొస్తారు కాబట్టి కిరాణా, మాంసం. దీపావళికి మిగిలింది టపాకాయలకు.

ఇక అక్టోబరు ఆకాశాన్ని నమ్మడానికి లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద తీరం దాటింది, సరిగ్గా దసరాకీ దీపావళికీ నడుమ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాను ఊడ్చేసింది, నవరాత్రులు మొదలైన మర్నాడే. వాన ఒక్కటే కాదు. 2013 అక్టోబరు తొలి వారంలో రాష్ట్ర విభజన వ్యతిరేక ఆందోళన హింసగా మారి విజయనగరంలో కర్ఫ్యూ పెట్టారు. నవరాత్రుల్లో షట్టర్లు దించుకుని కూర్చున్న బజారు అది. ఇలాంటి ఏడాది పెద్ద షాపు నష్టాన్ని సర్దుకుంటుంది, సరుకు సంక్రాంతికి అమ్ముకుంటుంది. రోజువడ్డీకి పదివేలు తెచ్చి బుడగలు, ప్లాస్టిక్ బొమ్మలు దింపినవాడికి ఆ వెసులుబాటు లేదు. సిరిమాను బొమ్మ సిరిమాను రోజే అమ్ముడవాలి.

2025లో కేంద్రం సెప్టెంబరు 22 నుంచి, అంటే నవరాత్రుల మొదటి రోజు నుంచే, జీఎస్టీ రేట్లు తగ్గించింది. ఊళ్లన్నిటా బ్యానర్లు కట్టారు. పెద్ద టీవీలు, ఏసీలు, 350 సీసీ లోపు బండ్లు 28 శాతం నుంచి 18కి దిగాయి. ఆ కొట్లకు నిజంగానే మేలు. బట్టల సంగతి మాత్రం బ్యానరు చెప్పినంత సూటిగా లేదు. వెయ్యి రూపాయల లోపు కుట్టిన బట్టకు అప్పటికే 5 శాతమే, అక్కడ మారిందేమీ లేదు. వెయ్యి నుంచి 2,500 మధ్య ఉన్నదానికి 12 నుంచి 5కి తగ్గింది. 2,500 దాటితే 12 నుంచి 18కి పెరిగింది. అంటే మధ్యతరగతి డ్రెస్సుకు ఊరట, ఖరీదైన పెళ్లి డ్రెస్సుకు వాత, జాతరకొచ్చే కూలీ మనిషి కొనే మూడువందల చొక్కాకు ఏమీ లేదు. ఇక పేవ్‌మెంటు మీద అమ్మేవాడు రిజిస్ట్రేషన్ పరిధిలోనే ఉండడు. అతని ధరను నిర్ణయించేది ఢిల్లీలోని కౌన్సిల్ కాదు. ఎక్కడ కూర్చోనిస్తారన్నదే.

అసలు విషయం జాగాదే. మూడులాంతర్ల నుంచి కోట దాకా ఉన్న ఆ కాస్త దారిలో ఆ రోజు అడుగు నేల విలువ మిగతా ఏడాది మొత్తానికి ఉండదు. దానిమీద ముగ్గురికి కన్ను: బారికేడ్లు కట్టే పోలీసులు, వేదికలు వేసుకునే పెద్దమనుషులు, గాజుల మంచం వేసుకునే ఆడమనిషి. మొదటి ఇద్దరికీ ముందే స్థలం ఖాయం. మూడో మనిషి సంగతి చూడండి. ఆదివారం సాయంత్రం ఒక మూల చూసుకుంటుంది. నులక మంచం మీద దుప్పటి పరిచి, మట్టిగాజులు రంగుల వారీగా దారాలకు కట్టి పేర్చుకుంటుంది. సోమవారం పొద్దున కర్రలు పాతేవాళ్లు వచ్చి లెమ్మంటారు. నలుగురు సాయం పట్టి మంచాన్ని అలాగే ఎత్తి సందులోకి మోస్తారు. దించేలోపు ఒక దండ జారి పగులుతుంది. సందులో ఆశీలు, అంటే సంతలో జాగాకు కట్టే రుసుము, వసూలు చేసే కుర్రాడు మళ్లీ వస్తాడు. పొద్దున ఆ మూలకు డబ్బు కట్టానంటే, అది ఆ మూలకి, ఇది ఈ మూలకి అంటాడు. చాలా ఊళ్ల జాతరల్లో ఇది మామూలే. రసీదు అడిగే ధైర్యం తక్కువమందికి ఉంటుంది.

దారికి ఆనుకుని ఉన్న పక్కా కొట్లది మరో చిక్కు. ఊరేగింపు మధ్యాహ్నం తర్వాత కదులుతుంది కానీ, దారి మూసేది అంతకు చాలా ముందే. ఇంతమంది గుమ్మం ముందు నిలబడ్డ రోజున కూడా షట్టరు సగం దించి ఉంచాల్సిందే, లోపలికి రావడానికి దారుండదు. కొట్టు మేడ చుట్టాలకు గ్యాలరీ అయిపోతుంది. బేరం జరిగేదల్లా బారికేడ్లకు అవతల, రైల్వే స్టేషన్ దగ్గర అమ్మవారి ఇంకో గుడి వనంగుడి వైపు, బస్సులు ఆపే చోట్ల. అంటే జనాన్ని ఎక్కడ దింపుతామన్న ఒక్క నిర్ణయం ఆ రోజు ఏ వీధికి వ్యాపారం ఇవ్వాలో తేల్చేస్తుంది. ఆ నిర్ణయం తీసుకునే సమావేశంలో వర్తక సంఘం వాళ్లున్నా, తోపుడుబండివాళ్ల తరఫున మాట్లాడేవాళ్లు ఉండాలి కదా.

పోలీసుల భయాన్ని తేలిగ్గా తీసేయమని నేననను. 2025 నవంబరు 1న కార్తీక ఏకాదశి నాడు పక్క జిల్లా కాశీబుగ్గలో గుడి దగ్గర తొక్కిసలాటలో తొమ్మిది మంది చనిపోయారు. అది లక్షల జాతర కూడా కాదు. ఇరుకు దారి, ఒక్కసారిగా పెరిగిన జనం, అంతే. సిరిమాను దారిలో బండ్లు, మంచాలు ఉండకూడదనడం సబబే. మరి వాటిని ఎక్కడ ఉంచాలో ముందుగా చెప్పడం కూడా భద్రతలో భాగమే. చోటు తేలని బండే ఆఖరి గంటలో జనంలోకి జొరబడుతుంది. చోటు ఖాయమైనవాడు కదలడు, కదిలితే జాగా పోతుంది కాబట్టి.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో 40 శాతం సభ్యులు ఎన్నికైన వీధి వ్యాపారులు, వారిలో మూడో వంతు మహిళలు. యాభై ఏళ్లకు పైబడి వ్యాపారం సాగుతున్న సహజ సంతలను వారసత్వ సంతలుగా గుర్తించాలనీ, అక్కడివాళ్లను తరలించరాదనీ అదే చట్టం చెబుతోంది. చట్టం రాసినవాళ్ల మనసులో రోజూ సాగే బజార్లే ఉండి ఉండవచ్చు. కానీ తరాలుగా ఏటా ఒకే వారం, ఒకే వీధుల్లో నిలిచే సంతకు అంతకన్నా మంచి ఉదాహరణ నాకు తోచదు. అప్పు విషయంలోనూ దారి ఉంది. వీధి వ్యాపారులకు అప్పిచ్చే కేంద్ర పథకం పీఎం స్వనిధి తొలి విడత రుణాన్ని 2025లో 15 వేలకు పెంచారు, పథకాన్ని 2030 మార్చి దాకా పొడిగించారు. ఆ డబ్బు ఆగస్టులో, సెప్టెంబరులో చేతికొస్తే రోజువడ్డీ అవసరం పోతుంది. నవంబరులో వస్తే పాత అప్పు తీర్చడానికి పోతుంది.

వారసత్వ సంత అన్న ముద్ర ఇవాళ పడుతుందని నేను ఆశపడటం లేదు. ప్రస్తుతానికి నేను అడిగేది చాలా చిన్నది, అదీ యంత్రాంగానికి చేతనైనదే. దీపావళి టపాకాయల దుకాణాలు చూడండి. కొట్టుకీ కొట్టుకీ మూడు మీటర్ల ఎడం, ఎదురెదురుగా ఉండకూడదు, ఒక చోట యాభైకి మించకూడదు. 2008 పేలుడు పదార్థాల నిబంధనల్లో ఇదంతా రాసుంది. దరఖాస్తు, రుసుము, మైదానంలో గళ్లు, అగ్నిమాపక శాఖ తనిఖీ, తాత్కాలిక లైసెన్సు. ఏటా ఏ గొడవా లేకుండా రెండు మూడు వారాల్లో ముగించేస్తారు. సిరిమానుకు, దీపావళికి మధ్య దూరం కూడా రెండు వారాలే. ఆ పద్ధతినే కాస్త ముందుకు జరిపి, దారికి అవతల వీధుల్లో గళ్లు గీసి, తొలేళ్లకు పది రోజుల ముందు చీటీ తీసి, ఒక్కటే రసీదు ఇచ్చి, ఎన్ని గళ్లు నిండాయో రాసుకుంటే చాలు. సంత లెక్క దానంతటదే వస్తుంది. ఆశీలు వసూలు హక్కును వేలంలో పాడుకున్న కాంట్రాక్టరుకు మాత్రం ఇది నచ్చదు. ఏ మూలకు ఎంత అన్నది నోటితో చెప్పే వీలు పోతుంది కాబట్టి, మొదటి అభ్యంతరం అటునుంచే వస్తుంది. దానికి జవాబు వేలం షరతుల్లోనే రాసుకోవాలి. అది రాసే సమయం అక్టోబరు కాదు, ఆశీలు వేలానికి నోటీసు వేసే ముందు.