సూర్యాపేటలో మడిగె (షాపు గది) కొనాలంటే ఏ రోడ్డు చూడాలి?

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబర్ జాతీయ రహదారి మీద దాదాపు సగం దూరంలో ఉంటుంది సూర్యాపేట. 2016 అక్టోబరులో జిల్లా కేంద్రమైంది. 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. ఖమ్మం వైపు నాలుగు వరుసల రోడ్డు కూడా వచ్చింది. దాంతో రిటైరైన ఉద్యోగులు, పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు హైవే ఫేసింగ్ మడిగె ఎక్కడుందా అని వెతుకుతున్నారు. వాళ్లలో చాలామంది చూడాల్సిన రోడ్డు అది కాదని నా అభిప్రాయం.

హైవే మీద రయ్యిమని పోయే కారు హోటల్ దగ్గరో పెట్రోల్ బంకు దగ్గరో ఆగుతుంది. చెప్పుల షాపు కోసం ఆగదు. ఆ హోటల్‌కైనా విశాలమైన పార్కింగ్ ఉండాలి, హైవే నుంచి లోపలికి రావడానికి అనుమతి ఉన్న దారి ఉండాలి. పైగా ఈ రహదారిని ఆరు వరుసలు చేయాలని చూస్తున్నారు. ఈ రోజు డివైడర్ తెరిచి ఉన్న చోట రేపు ఫ్లైఓవర్ లేస్తే, దాని కింది షట్టర్లకు గిరాకీ ఒక్కసారిగా పడిపోతుంది.

షట్టర్‌కు అద్దె కట్టించేది చుట్టుపక్కల మండలాల జనం. మార్కెట్ యార్డులో వడ్లు అమ్మిన రైతు ఎరువుల షాపు బాకీ తీర్చి, పిల్లకు బట్టలు కొని బస్సెక్కుతాడు. పేషెంట్ వెంట వచ్చినవాళ్లు ల్యాబ్‌కీ మందుల షాపుకీ తిరుగుతారు. వాళ్లు నడిచే వీధులు బస్టాండ్, ఆసుపత్రి, పాత బజారు చుట్టూ ఉన్నాయి. చూడ్డానికి ఇరుకే, కానీ అక్కడ మడిగె ఖాళీ అయితే అడిగేవాళ్లు ముందే ఉంటారు.

ఇక లెక్క. రూ.60 లక్షలు పెట్టి కొన్న మడిగెకు నెలకు రూ.20 వేలు అద్దె వస్తుందనుకుందాం. ఏడాదికి రూ.2.4 లక్షలు, అంటే 4 శాతం. ఎఫ్‌డీ ఇంతకన్నా ఎక్కువే ఇస్తుంది. తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం చొప్పున రూ.4.5 లక్షలు. దాదాపు రెండేళ్ల అద్దె అక్కడే పోయింది! ధర పెరుగుతుందన్న ఆశ ఒక్కటే మిగులుతుంది. అద్దె పెరగని చోట ఆ ధర ఎన్నాళ్లు నిలుస్తుంది?

నాకు ఎక్కువ భయం వేసేది గ్యారంటీ అద్దె స్కీములతో. బిల్డింగ్ లేవకముందే డబ్బు కట్టించుకుని నెలనెలా అద్దె వేస్తామంటారు. మొదటి నెలల్లో ఆ అద్దె మన డబ్బులోంచే వస్తుండొచ్చు. మరీ చిన్నవి తప్ప ఇలాంటి ప్రాజెక్టును రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకూడదు. ఆ నంబర్ అడిగితే మాట దాటేసేవాళ్లకు అడ్వాన్స్ ఇవ్వకండి. విడదీయని వాటా, అంటే మొత్తం బిల్డింగ్‌లో ఇంత భాగం అని మాత్రమే రాసిస్తామన్నా ఒప్పుకోవద్దు. మన షట్టర్ ఏదో కాగితం మీద ఉండకపోతే రేపు అద్దెకివ్వడమూ కష్టమే, అమ్మడమూ కష్టమే.

కొనే ముందు ఒక మామూలు రోజు సాయంత్రం ఆ వీధిలో నడిచి టూలెట్ బోర్డులు లెక్కపెట్టండి. అక్కడి టీ కొట్టు ఆయన్ని అడిగితే ఏ షట్టర్ ఎన్ని నెలలుగా మూసి ఉందో, పక్కదానికి నిజంగా ఎంత అద్దె వస్తోందో చెబుతాడు.